ముళ్ళు లేని పొద

హవాయి దీవుల్లో ఒక కొండవాగు పక్కన ఓ ముసలి బాతు ఉండేది. అడవికంతటికీ బాతత్త. మొక్క ఏదైనా సరే, అది దీవిలో పుట్టిందో ఓడెక్కి వచ్చిందో చూడగానే చెప్పేసేది. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడమంటే మహా సరదా.

ఆమె ప్రాణమంతా ఆకాలా అనే ఎర్రపండ్ల పొదల మీదే. కొండమీద ఇంకెక్కడా అవి మిగల్లేదు. విత్తనాలు ముక్కున కరుచుకొచ్చి, వాగులో రెక్కలు తడిపి మొలకల మీద నీళ్ళు విదిలిస్తూ బిడ్డల్లా పెంచుకుంది. ఇప్పుడేమో వాటిమీదికి పరాయి ముళ్ళకంప ఎగబాకింది. ఆకులు చూస్తే రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. పీకుదామంటే బాతు ముక్కుతో అయ్యే పనా?

అంతలో అడవిపంది వచ్చింది. మూతినిండా గీరుకుపోయిన గాట్లు.

"ఏంటత్తా, మొహం వేలాడేశావు?"

"కంప నా పొదల్ని మింగేస్తోంది అల్లుడూ."

"మరి నా మూతి ఉన్నది దేనికి? వేళ్ళతో సహా పెకలించేస్తా. ఏది మనదో, ఏది పరాయిదో గుర్తు చెప్పు చాలు."

"చెప్పకత్తా!" కొమ్మమీది ఎర్రపిట్ట అరిచింది. "ఆ గాట్లు చూడు! వాడు ఇదివరకే నీ పొదల్లో దూరబోయాడు."

"నువ్వూరుకోవే! సాయానికొచ్చిన వాణ్ణి అలాగేనా అనేది?" అని కసిరి, బాతత్త ఉత్సాహంగా ఒక కొమ్మ వంచింది. "కాడని మూతితో నిమిరి చూడు అల్లుడూ. గుచ్చుకుంటే పరాయిది. గుచ్చుకోకపోతే మనది. పూర్వం ఈ దీవిలో పొదల్ని మేసే నాలుక్కాళ్ళ జంతువే లేదు. మన పొద ఎవరికి భయపడి ముళ్ళు పెంచుకుంటుంది, పిచ్చిది?"

"అవునవును, పిచ్చిదే," అంది పంది. "నువ్వెళ్ళి మేసిరా అత్తా. ఇక్కడుంటే కళ్ళలో మట్టి పడుతుంది."

బాతత్త తిరిగొచ్చేసరికి ముళ్ళకంప ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని మధ్య మధ్య గుంటలు. పంది పక్కనే పడుకుని త్రేన్చింది.

"ఏం చేశావురా?"

"నువ్వు చెప్పిన గుర్తే పట్టుకున్నానత్తా. ఇన్నాళ్ళూ ఏది తినొచ్చో తెలీక మూతి చీరుకున్నా. నీ పుణ్యమా అని ఇవాళ కడుపు నిండింది."

బాతత్త ఒక్కో గుంటా కెలికింది. వేరు ముక్క కూడా దొరకలేదు. విత్తనానికని తను నోట పెట్టకుండా దాచిన పండ్లూ పోయాయి. ముళ్ళలోనే కూలబడి ఏడ్చింది. తను శత్రువనుకున్న ఆ కంపే ఇన్నాళ్ళూ పందిని దూరంగా ఉంచిందని ఇప్పుడు తెలిసొచ్చింది.

పిట్ట దిగొచ్చింది. "వాగు అవతల ఇంకో పొద మిగిలుందేమో వెతుకుదామా అత్తా?"

"మిగిలినా నాకు చూపించకే తల్లీ. చూస్తే గుర్తుపడతాను. గుర్తుపడితే ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను."

కాపాడుకోవలసిన దాని గుర్తు చెప్పేముందు, అడిగినవాడి ఆకలి దేనికో కనుక్కోవాలి.