దొరగారి మోటారులో టకటక

జమీందారుగారి కొత్త మోటారు వేగం అందుకుంటే చాలు, టకటకమనేది.

"ఇంజను పాడుచేశావు కదరా గవరయ్యా! ఇవాళ ఈ చప్పుడు పోకపోతే నీ కొలువు ఊడుతుంది," అన్నారు దొరగారు వెనకసీటులోంచి.

ఖాళీ బండిని ఎంత జోరుగా తోలినా ఆ చప్పుడు రాదని డ్రైవరు గవరయ్యకు తెలుసు. బండి ఆపాడు.

"తమరి చేతికర్ర ఇప్పించండి దొరా. ఇంజనుకి ఆనించి వింటాను."

విన్నాడు. కర్ర తిరిగివ్వకుండా తన పక్కనే పెట్టుకుని బండిని ఉరికించాడు. చప్పుడు లేదు!

దొరగారు వణికే చేతులు ఒళ్లో దాచుకుని, "రోగమేమిట్రా?" అన్నారు.

"ఇంజనుకేం లేదు దొరా. జోరంటే కర్రకి భయం. వణికిపోయి తలుపుకి కొట్టుకుంటోంది."

దొరగారు మీసాల్లోనే నవ్వుకున్నారు.

"పాపం, దానికోసమైనా కాస్త మెల్లగా పోనీరా!"