కొండయ్య కొరకలేని తాడు

వానలు పడి తుంగలంక సరస్సు నిండిందంటే ఒడ్డున ఒక్క జంతువుకీ కాలు నిలవదు. తాటిదోనెలకి నీటికుక్కల్ని కట్టి పరిగెత్తించే పిచ్చి ఊరందరికీ ఒకేసారి పట్టుకుంటుంది. రెండు నీటికుక్కల దోనె ఉన్నవాడికి నాలుగు నీటికుక్కల దోనెని చూస్తే నిద్ర పట్టదు. నాలుగున్నవాడు ఆరున్నవాణ్ణి చూసి మేత మానేస్తాడు. నీటికుక్కలు మాత్రం అందరి దగ్గరా చేపలు తిని హాయిగా ఉంటాయి.

నిరుడు ఒక పొట్టేలు మలుపులో దోనెలోంచి ఎగిరిపడ్డాడు. దోనె తిరిగొచ్చింది, అతను రాలేదు. అప్పుడు పెద్దలు కూర్చుని కట్టుబాటు చేశారు. ఛాతీ మీద ఒకటి, వీపు మీద ఒకటి ఎండు సొరకాయలు తుంగ తాడుతో ఒంటికి కట్టుకోనిదే ఎవరూ దోనె ఎక్కకూడదు. అది చూసే పని కొంగ లింగమూర్తికి అప్పగించారు. ఆయన ఎలాగూ రోజంతా ఒంటికాలి మీద నిలబడే ఉంటాడు కదా, కొత్తగా శ్రమేం లేదు.

చిక్కేమిటంటే లింగమూర్తి చూపు రెల్లుదుబ్బు మలుపు దాకానే ఆనుతుంది. ఆ సంగతి ఆయనకి తప్ప సరస్సులో అందరికీ తెలుసు. కాబట్టి ఆయన ముందు అందరూ పెళ్లికొడుకుల్లా ముస్తాబై వెళ్లేవారు, మలుపు దాటగానే సొరకాయలు విప్పి కింద వేసుకుని కూర్చునేవారు. పుంజు రంగబాబైతే ఈకలు నలుగుతాయని లింగమూర్తి కంటపడే ఆఖరి క్షణంలో కట్టుకునేవాడు.

ఒక్క లాగుతో ఊడిపోయే ముడి కనిపెట్టింది నక్క భద్రం. కనిపెట్టి ఊరుకోకుండా అందరికీ నేర్పాడు. భద్రానికి ఈత బాగా వచ్చు. ఆ మాట మనం అడగక్కర్లేదు, అతనే చెబుతాడు.

అతని దోనె ముందు కొసలో బరువు కోసం కూర్చునేవాడు మేకపోతు కొండయ్య. కొండయ్యకి ఈత రాదు. దోనె కదిలిన దగ్గర్నించీ చెవులు వణుకుతూనే ఉంటాయి, తోక ఒకచోట ఆగదు. చస్తాననే భయం ఒక పక్కా, నవ్వుతారనే భయం ఇంకో పక్కా లాగుతుంటే ఎప్పుడూ రెండోదే గెలిచేది. గిట్టలకి ముడి విప్పడం చేతకాదు గనక మలుపు దాటాక ఛాతీ మీది తాడు కొరికి నమిలేసేవాడు. తుంగ తాడంటే మేకకి భోజనమయ్యాక తాంబూలం లాంటిది.

ఇంటికి వెళ్లాక భార్య సీతాలు తాడేదని అడిగేది. తెగిపోయిందనేవాడు. అడిగిన ప్రతిసారీ అదే మాట. ఆవిడ అతని గడ్డం మీద అంటుకున్న తుంగ పీచు చూసి, ఏమీ అనకుండా కొత్త తాడు పేనడానికి కూర్చునేది. సీతాలు ఏమీ అనకపోతేనే భయపడాలని కొండయ్యకి ఇన్నేళ్ల కాపురంలో తెలిసిరాలేదు.

రంగబాబు దోనెతో పందెం వేసుకున్న రోజు కొండయ్య తెల్లారకముందే లేచాడు. దొడ్లోకి వెళ్లాడు, వాకిట్లోకి వచ్చాడు, మళ్లీ దొడ్లోకి వెళ్లాడు. మేత ముందు పెడితే వాసన చూసి వదిలేశాడు. సీతాలు అతన్ని నిలబెట్టి సొరకాయలు కట్టడం మొదలుపెట్టింది. తాడు ఇవాళ కాస్త పచ్చగా ఉంది. పట్టించుకునే స్థితిలో అతను లేడు.

"అంత గట్టిగా బిగించకే, ఊపిరాడటం లేదు."

"ఊపిరి ఆడాలనే కడుతున్నాను," అంది సీతాలు, వీపు మీద ముడి వేస్తూ.

లింగమూర్తి రెండు దోనెల్నీ తేరిపార చూసి, అందరూ ఇలాగే బుద్ధిగా ఉంటే తనకి పనే ఉండదని మెచ్చుకుని పంపాడు. నీటికుక్కలు దూకాయి. దోనె ముక్కు పైకి లేచింది. గాలికి కొండయ్య గడ్డం రెండు పాయలై చెవుల వెనక్కి పోయింది.

మలుపు దాటగానే భద్రం ఒక్క లాగు లాగి సొరకాయల్ని కింద వేసుకుని కూర్చున్నాడు.

"ఇక విప్పెయ్ బావా. అవతల రంగబాబు చూస్తున్నాడు. నిన్ను ఇలా చూస్తే నీతో పాటు నా పరువూ పోతుంది."

కొండయ్య తల వంచి తాడు కొరికాడు. వెంటనే ఉమ్మేశాడు. నాలుక మీద చేదు పాకింది. మళ్లీ కొరకబోయాడు, పళ్లు తెరుచుకున్నాయిగానీ మూసుకోలేదు. అప్పుడు తెలిసింది. అది అడ్డసరం ఆకు పసరు. రాళ్లు తప్ప అన్నీ రుచి చూసే మేకజాతి, పుట్టినప్పటి నుంచీ నోట పెట్టని ఆకు అది. సీతాలు తాడుని రాత్రంతా అందులో నానబెట్టింది.

"ఏం బావా, ఇంకా కట్టుకునే ఉన్నావు?"

ఇంటి గుట్టు బయటపెట్టలేక కొండయ్య, "ఆకలిగా లేదు," అన్నాడు.

మేకకి ఆకలి లేదన్న మాట ఆ సరస్సు మీద అంతకు ముందు ఎవరూ వినలేదు. భద్రం పడీపడీ నవ్వాడు. పక్క దోనెలోంచి రంగబాబు, అత్తగారు పెట్టిన నగలు బాగున్నాయి, జారిపోకుండా పట్టుకో అని కూశాడు. కొండయ్యకి ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లాక సీతాలుతో ఏమేం అనాలో వరస పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదటి మాట కుదిరింది, రెండో మాట దగ్గర తడబడుతున్నాడు. అంతలో భద్రం రంగబాబుని దాటెయ్యాలని పగ్గం అదిలించి దోనెని అడ్డంగా తిప్పాడు. నీళ్ల కింద, ఎప్పుడో వలల కోసం పాతిన గుంజ ఒకటి ఉంది.

దోనె దానికి తగిలి ఎగిరింది. ఇద్దరూ రెండు దిక్కులా గాల్లోకి లేచారు.

అంత వేగంలో పడితే నీళ్లు నీళ్లలా ఉండవు, రాతి మెట్టులా తగులుతాయి. భద్రం వెల్లకిలా పడ్డాడు. సరస్సులో ఈతకి పేరుమోసిన ఆ నాలుగు కాళ్లలో ఒక్కటీ కదల్లేదు. ఊపిరి బయటికి పోయింది, లోపలికి రాలేదు. అతని సొరకాయలు దోనెలోనే ఉన్నాయి. బరువు తగ్గిందని నీటికుక్కలు ఇంకా హుషారుగా దోనెని లాక్కుపోయాయి.

కొండయ్య ఒకసారి మునిగాడు. కళ్లలో, ముక్కులో, చెవుల్లో నీళ్లు. ఇక అయిపోయిందనుకుంటుండగా ఛాతీ కింద ఎవరో ఎత్తినట్టయింది. తల బయటికి వచ్చింది. ఈత రాకపోయినా కాళ్లు కొట్టుకుంటూ, దగ్గుతూ, వెలక్కాయలా తేలుతున్నాడు. పక్కనే భద్రం ముక్కు ఒకసారి కనిపించి మునిగిపోయింది.

కొండయ్య ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే వెనక్కి తగ్గేవాడేమో. నీళ్లలో మూతి పెట్టి నక్క చెవి పళ్లతో అందుకున్నాడు, లాగి ఆ తలని తన ఛాతీ సొరకాయ మీదికి చేర్చుకున్నాడు. భద్రం దగ్గాడు. నీళ్లు కక్కి, సన్నగా ఊపిరి పీల్చాడు.

"చెవి తెగుతుంది బావా," అన్నాడు.

నోరు తెరిచి జవాబు చెబితే చెవి జారిపోతుందని కొండయ్య పలకలేదు. అంతసేపు మాట్లాడకుండా అతను జీవితంలో ఎప్పుడూ లేడు. ఒడ్డున మేస్తున్న గేదెలు ఈదుకుంటూ వచ్చి ఇద్దర్నీ కొమ్ముల మీద మోసుకుపోయేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

పందెంలో మొదట గట్టు చేరింది భద్రం దోనే. అందులో భద్రం సొరకాయలు తప్ప ఎవరూ లేరు. దాన్ని చూసి ఒడ్డంతా గొల్లుమని ఏడ్చింది. సీతాలు దగ్గరికి వెళ్లి దోనెలో మూలమూలా వెతికిందట. "మా ఆయన తాడు ఇందులో లేదు. అయితే తేలుతూనే ఉంటాడు," అని అక్కడే కూలబడిందట. ఇదంతా లింగమూర్తి తరవాత చెప్పాడు. ఆ తరవాత ఆయన నిలబడే చోటు కూడా మలుపు అవతలికి మార్చుకున్నాడు, కాలు కూడా మార్చాడంటారు.

గట్టెక్కాక కొండయ్యకి సీతాలుతో అనదలచిన మొదటి మాట గుర్తుంది. ఆవిడ కళ్లు చూసి అది కూడా మింగేశాడు. అడ్డసరం కంటే చేదుగానే ఉంది, అయినా మింగాడు.

నాలుగు రోజులు పోయాక భద్రం చెవికి పసుపు కట్టుతో వాళ్ల గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోలేదు, నిలబడలేదు, అటూ ఇటూ తిరుగుతూ కాసేపు వానల గురించి మాట్లాడాడు.

"సీతాలక్కా, నాకూ ఒక తాడు పేనిపెట్టు. మలుపు దగ్గరికి వెళ్లేసరికి నా చెయ్యి నా మాట వినదు. బావ తాడుకి పూసినట్టే దానికీ ఏదో ఒకటి పూసి ఇవ్వు."

సీతాలు పేనుతున్న తాడు ఆపలేదు. "ఆయన నోట పెట్టనిది అడ్డసరం. దొడ్లో దొరికింది, నూరాను. నువ్వు నోట పెట్టనిది నిజం ఒక్కటే తమ్ముడూ. దాన్ని ఎక్కణ్ణించి కోసుకురమ్మంటావు?"

భద్రం నవ్వబోయి, పక్కటెముకలు నొప్పెట్టి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వీపు చూపించాడు. చెయ్యి అందని చోట, గుడ్డిముడి వెయ్యమన్నాడు.

కొంగ చూపు దాటగానే సొరకాయ విప్పేసేవాడు మోసం చేసేది కొంగని కాదు.