ఒంటి చేతి కుచ్చిళ్ళు

హైమవతి గారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పిన పాపాన పోరు. "రా, చూద్దాం" అని లేచి నడుస్తారు. పక్షవాతం వచ్చినవాళ్ళకు తమ పనులు తామే చేసుకోవడం మళ్ళీ నేర్పించే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆవిడ. అదే వార్డులో నర్సునైన నాకు ఆ అలవాటు చూసి మొదట్లో ఒళ్ళు మండేది.

ఆవిడ దగ్గర కొత్తగా చేరిన ప్రసూన ఒకనాడు విసిగిపోయి అడిగింది. ప్రాణం నిలబెట్టేది డాక్టర్లు, నడిపించేది ఫిజియోథెరపీ వాళ్ళు, మరి మనం చేసేదేమిటమ్మా అని. దానికి కారణం ఆరో నంబరు మంచం మీది రత్నమాంబ. ఎడమ చెయ్యి పడిపోయినా చక్కగా నడుస్తోంది. డాక్టరు ఇంటికి వెళ్ళమన్నా కదలనంటోంది. ఎంత బతిమాలినా గోడవైపు తిరిగి పడుకుంటోంది.

హైమవతి గారు వెళ్ళి మంచం అంచున కూర్చుని, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగారు. కూతురూ అల్లుడూ అని చెప్పి, రత్నమాంబ ఒంటిమీది ఆస్పత్రి నైటీని కిందికి లాక్కుంది.

"అల్లుడుగారి ముందు దీంతో ఎలా తిరగనండీ?"

కూతురు చీర కడుతుంది కదా అంది ప్రసూన. కడుతుంది, కట్టి ఏడింటికల్లా బడికి పాఠాలు చెప్పడానికి పోతుంది, ఆ తర్వాత జారితే ఎవర్ని పిలవను అంది రత్నమాంబ.

మర్నాడు హైమవతి గారు తన ఎడమ చేతిని తువ్వాలుతో ఒంటికి కట్టేయించుకుని, ఒక పాత చీరతో కుస్తీ పట్టారు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రానికి దారి దొరికింది. చీరను నడుముకీ బల్లకీ మధ్య నొక్కిపట్టి, బల్లమీదే ఒంటి చేత్తో కుచ్చిళ్ళు పేర్చి, జారకుండా బట్టల క్లిప్పు పెట్టి దోపుకోవాలి.

మూడోనాడు ఇంటికి తీసుకెళ్ళడానికి అల్లుడు వచ్చి వరండాలో కూర్చున్నాడు. లోపల రత్నమాంబ మొదలుపెట్టింది. రెండుసార్లు కుచ్చిళ్ళు జారాయి. మూడోసారి చీరంతా కాళ్ళ దగ్గర కుప్పపడింది. ఆ ముఖం చూసి ప్రసూన ఉండబట్టలేక ముందుకు వంగింది. హైమవతి గారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశారు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. తీరా చూస్తే ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ముప్పావు గంటకి కుచ్చిళ్ళు నిలిచాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రత్నమాంబ పైట సర్దుకుని, తలుపు తానే తీసుకుని వరండాలోకి వెళ్ళింది. అల్లుడు లేచి నిలబడ్డాడు.

"ఎండనపడి వచ్చారు, ఏమైనా తిన్నారా బాబూ?" అని అడుగుతూ ఆమె ముందు నడిచింది. మళ్ళీ వెనక్కి తిరగలేదు.

ప్రసూన చిన్నబుచ్చుకుంది. వెళ్ళొస్తానని చెప్పడానికైనా మనవైపు చూడలేదేమిటమ్మా అంది.

"అల్లుణ్ని చూసుకునే పనుంది కదా తల్లీ ఆవిడకి," అన్నారు హైమవతి గారు. "మనవైపు చూస్తూ కూర్చునేది పేషెంట్లు."