పెట్టెలో మడతపెట్టిన శరత్తు

ఏడు సముద్రాలకు ఇవతల నీలిరేవు అనే రాజ్యం ఉండేది. దానికి రత్నకుంభుడని ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఎవరైనా అడిగితే మాత్రం "నాకు ముగ్గురు పిల్లలు" అనేవాడు.

పెద్దకూతురు వకుళను ఏటికి అవతలి రాజ్యానికి ఇచ్చారు. చిన్నకూతురు పొన్నారికి ఇంకా పెళ్ళి కాలేదు.

ఒక ఏడు చినుకు పడలేదు. అప్పుడు ధూమకేశుడనే మాంత్రికుడు సభకు వచ్చాడు. "వానలు కురిపిస్తాను. బదులుగా మీ ఆరు ఋతువుల్లో ఒకటి నాకు ఇచ్చేయండి" అన్నాడు.

ఏది ఇవ్వాలి? సభలో పెద్ద చర్చ.

"వసంతం వద్దు. నా పద్యాలన్నీ దాని మీదే" అన్నాడు కవి.

"గ్రీష్మం వద్దు. మామిడిపళ్ళు ఉండవు" అన్నాడు వంటపెద్ద.

"హేమంతంలో కోతలు, శిశిరంలో దుప్పటి కింద నిద్ర. రెండూ కావాలి" అన్నాడు మంత్రి.

వర్షమేమో వాళ్ళు అడుగుతున్నదే. ఇక మిగిలింది శరత్తు. "అది యుద్ధాలకు బయలుదేరే కాలం. పోతే పోనివ్వండి, పీడా వదులుతుంది" అన్నాడు సేనాపతి.

అంత పెద్ద సభలో ఒక్క ఆడమనిషి లేదు. కాబట్టి అందరూ ఒక్కమాట మీదికి సులువుగా వచ్చేశారు. మాంత్రికుడు శరత్తును తీసుకుని వెళ్ళిపోయాడు.

వానలు కురిశాయి. శ్రావణం పోయింది, కురుస్తూనే ఉంది. భాద్రపదం పోయింది, కురుస్తూనే ఉంది. ఆశ్వయుజం వచ్చింది, ఇంకా కురుస్తూనే ఉంది. రెల్లు పూయలేదు. దండేల మీద బట్టలు ముక్కవాసన కొట్టాయి. ఏరు మాత్రం ఒడ్డులొరుసుకుని పారుతూనే ఉంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. తొలిచూలుతో ఉన్న ఆడపిల్ల పుట్టింట్లోనే పురుడు పోసుకోవాలి. శరత్తులో ఏరు తగ్గి ఇసుక బయటపడగానే, తల్లి ఆ ఇసుక మీద నడిచి ఎదురెళ్ళి కూతుర్ని తెచ్చుకోవాలి.

ఒకరోజు పావురం ఒకటి తడిసి ముద్దయి వచ్చింది. దాని కాలికి వకుళ ఉత్తరం. "అమ్మా, నాకు ఎనిమిదో నెల. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. అయినా రోజూ మేడ మీదికెక్కి ఏటిని చూస్తున్నాను. ఎప్పుడు తగ్గుతుంది?"

రాణి ఆ ఉత్తరం పట్టుకుని రాజు దగ్గరికి వెళ్ళింది. ఏరు ఎందుకు తగ్గడం లేదో రాజు నసుగుతూ చెప్పాడు.

"ఇచ్చేసే ముందు నన్ను ఒక్కమాట అడగకూడదా?"

"ఆ కాలంలో విత్తేదీ లేదు, కోసేదీ లేదు. ఖాళీ కాలమే కదా అని..."

"మీకు ఖాళీ కాలం. మాకు పుట్టింటి కాలం" అంది రాణి.

కొడుకులు ముగ్గురూ శరత్తును తెస్తామని బయలుదేరారు. పెద్దవాడు ఏనుగెక్కి వెళ్ళాడు. ఏనుగు బురదలో దిగబడింది. రెండోవాడు గుర్రమెక్కి వెళ్ళాడు. గుర్రం జారిపడింది. మూడోవాడు పల్లకి ఎక్కి వెళ్ళాడు. బోయీలకు జలుబు చేసింది, దించేసి ఇళ్ళకు పోయారు. మూడు రోజుల్లో ముగ్గురూ తిరిగొచ్చి, మూడు దుప్పట్లు కప్పుకుని తుమ్ముతూ కూర్చున్నారు.

"నేను వెళ్తాను" అంది పొన్నారి.

"ఆడపిల్లవు, నువ్వెట్లా వెళ్తావే?"

"నడిచి, నాన్నగారూ" అని పొన్నారి నడిచి వెళ్ళిపోయింది.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు, దాని వీపు మీద ఒక కాటుకపిట్ట కనిపించాయి.

"ఎక్కడికమ్మాయ్?" అంది తాబేలు.

"శరత్తును తేవడానికి."

"అబ్బ, పుణ్యం కట్టుకుంటావు! గుడ్లు పెడదామంటే జానెడు పొడి ఇసుక లేదు. కడుపు బరువుతో చస్తున్నాను. ఎక్కు నా వీపు!"

"దారి నేను చూపిస్తా" అంది కాటుకపిట్ట. "ఏటా శరత్తు వెంటే వచ్చేదాన్ని. ఇప్పుడు ఎక్కడ దిగాలో తెలియక అల్లాడుతున్నా."

ముగ్గురూ ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు. అన్నయ్యలు ఇంతవరకు రాకపోవడమే మంచిదైందనుకుంది పొన్నారి. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కూడా దాటి మాంత్రికుడి కోట చేరారు.

కోట ముందు వానలో తడుస్తూ తొంభైతొమ్మిది రాతిబొమ్మలున్నాయి. అన్నీ మీసాలు మెలేసిన రాజకుమారులే.

"మూడు పనులు చెప్తాను" అన్నాడు ధూమకేశుడు. "చేస్తే అడిగింది ఇస్తాను. చెయ్యకపోతే నూరోబొమ్మవు అవుతావు."

మొదటి పని, తడికట్టెలతో పొయ్యి వెలిగించడం. రాజకుమారులు ఇక్కడే సగంమంది ఊది ఊది రాళ్ళయిపోయారు. నాలుగు నెలలుగా నీలిరేవు అంతఃపురంలో తడికట్టెలతోనే వంట. పొన్నారి కట్టెల బెరడు వొలిచి, లోపలి పొడి చెక్కను సన్నగా చీల్చి, కొబ్బరిపీచు కింద పెట్టి రాజేసింది. భగ్గుమంది.

రెండో పని, ఎండ లేకుండా తడిచీర ఆరబెట్టడం. మిగిలిన సగంమంది చీరను పిండి, దులిపి, కత్తిమొనకు తగిలించి ఊపి రాళ్ళయిపోయారు. పొన్నారి ఆ పొయ్యిలోంచే నిప్పులు తీసి, పైన వెదురుబుట్ట బోర్లించి, బుట్ట మీద చీర పరిచింది. బాలింతల తలలు ఆరబెట్టేది అట్లాగే మరి.

మాంత్రికుడి ముఖం నల్లబడింది. "మూడోది నీ తరం కాదు. ఇంతవరకు ఎవరూ రాలేదు దీనిదాకా. నా ప్రాణం ఒక చిలకలో ఉంది. ఏ చిలకో చూపించు!"

గదినిండా మూడువందల పంజరాలు. మూడువందల చిలకలు. అన్నీ ఒకే ఆకుపచ్చ, అన్నీ ఒకే ఎర్రముక్కు.

పొన్నారి ఒక్కొక్క పంజరం తలుపూ తీసుకుంటూ పోయింది. చిలకలు గుంపులుగా కిటికీలోంచి ఎగిరిపోయాయి. ఒక్కటి మాత్రం వెండిపంజరంలో అట్లాగే కూర్చుంది.

"నువ్వెందుకు ఎగరవు?"

"నాకు ఎగరడం రాదు" అంది చిలక. "పుట్టినప్పటినుంచి ఆయనే తినిపిస్తాడు, ఆయనే నీళ్ళు తాగిస్తాడు. గాలి తగిలితే జబ్బు చేస్తుందంటాడు. నన్నంత ప్రేమగా చూసుకుంటాడట."

"అంత భద్రంగా చూసుకున్నారంటే లోపల దాచింది వాళ్ళదేదో ఉంటుందే పిచ్చిదానా" అంది పొన్నారి. చిలకను చేతిమీదికి తీసుకుంది. "ఇదే!"

ధూమకేశుడు చేతులు జోడించాడు. "మెడ విరిచెయ్యకు తల్లీ!"

"అది నీకేం చేసిందని, నాకేం చేసిందని? దీనికి ఎగరడం నేర్పుతాను. ఆ తర్వాత నీ ప్రాణం దాని ఇష్టం. ముందు శరత్తును ఇవ్వు."

మాంత్రికుడు చందనపు పెట్టె తెచ్చాడు. మూత తీస్తే లోపల తెల్లని వస్త్రం ఒకటి, నాలుగు మడతలు పెట్టి ఉంది. మొదటి మడత విప్పగానే వాన ఆగింది. రెండో మడత విప్పగానే ఆకాశం కడిగిన అద్దంలా అయింది. మూడో మడత విప్పగానే రాతిబొమ్మలన్నీ కళ్ళు నులుముకుంటూ లేచాయి. నాలుగో మడత పొన్నారి విప్పలేదు, ఇంటికోసం దాచుకుంది.

తొంభైఎనిమిదిమంది "మేమే గెలిచేవాళ్ళం, కట్టెలే మంచివి కావు" అనుకుంటూ పోయారు. మకరందుడనే ఒకడు మాత్రం ఆగి, పొయ్యిలో బూడిద ఎత్తి, బుట్ట యథాస్థానంలో పెట్టాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు.

"పొయ్యి వెలిగించగలవా?"

"రాకే కదా రాయినయ్యాను. నేర్చుకుంటాను."

"నేర్చుకో. పెళ్ళిమాట మా అక్క వచ్చాక."

పిల్లలూ, చిలకకు రెక్కలు చాచడం ఏడు సముద్రాల దారిలో వచ్చేసింది. మాంత్రికుడు ఈరోజుకీ ఒక్కరినీ కసురుకోకుండా, సీతాఫలాల బుట్ట నెత్తిన పెట్టుకుని దాని వెనకే తిరుగుతున్నాడట.

నీలిరేవు ఒడ్డున పొన్నారి నాలుగో మడత విప్పింది. ఎండ మెత్తగా పరుచుకుంది. రెల్లు పూసింది. ఏరు తగ్గి, తేరి, ఇసుక బయటపడింది. తాబేలు అడుగైనా వెయ్యకుండా అక్కడే గుంట తవ్వుకుంది. కాటుకపిట్ట తోకాడిస్తూ దిగింది.

అవతలి ఒడ్డునుంచి వకుళ, రెండు చేతులతో నడుం పట్టుకుని మెల్లగా నడిచి వస్తోంది. రాణి చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

"వచ్చావా తల్లీ" అంది. కూతుర్ని అందో, కాలాన్ని అందో ఎవరికీ తెలియలేదు. వెనకే వచ్చిన రాజు తలవంచుకుని, "నాకు తెలియలేదమ్మా" అన్నాడు. పొన్నారి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

పదిహేను రోజులకు వకుళ సుఖంగా ప్రసవించింది. పురిటిస్నానం అయ్యాక, పొయ్యి వెలిగించడం నేర్చుకున్న మకరందుడితో పొన్నారి పెళ్ళి జరిగింది. రాజు సింహాసనం పొన్నారికే ఇచ్చాడు. ఇద్దరూ కలిసి చాలాకాలం రాజ్యమేలారు. సభలో సగం ఆసనాలు ఆడవాళ్ళవే. చర్చలు మాత్రం మునుపటంత త్వరగా తేలేవి కావట.

ఆ రాజ్యపు ఆడవాళ్ళను, ఆరు ఋతువుల్లో మీకేది ఇష్టమని శరత్తులో అడిగి చూడండి. జవాబు చెప్పడానికి ఎవరూ ఆగరు. "దారి ఆరింది, అమ్మ ఎదురు చూస్తుంటుంది, వచ్చాక చెప్తాం" అంటూ ఇసుక మీద నడిచి వెళ్ళిపోతారు.