బావ కారు, బావమరిది ఇంజను

మారేడుమిల్లి ఘాటు రోడ్డు మొదటి మలుపులు తిరిగేచోట సదాశివయ్యగారి ఆశ్రమం ఉంది. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. ఒక పెంకుల వసారా, రెండు గదులు, గేటు పక్కన నీళ్ళ తొట్టి. కొండ ఎక్కలేక రొప్పుతూ వచ్చే బండ్లు ఆ గేటు దగ్గరే ఆగుతుంటాయి. వాటికి నీళ్ళందించడం ఆయన తన పనిగా పెట్టుకున్నారు. శిష్యులు ఎంత గంభీరమైన ప్రశ్న వేసినా ఆయన వాదనలోకి దిగరు. ఆ గేటు దగ్గర చూసిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఒకనాడు నరహరి అనే శిష్యుడు అమలాపురం నుంచి వచ్చాడు. అతను అక్కడ పదిమందిలో పెద్దమనిషి. ఇళ్ళల్లో తగవులొస్తే అతన్నే పిలుస్తారు. మర్నాడు ఒక భార్యాభర్తల తగవు తీర్చవలసి ఉంది. ఆ బరువు మనసులో పెట్టుకునే వచ్చినట్టున్నాడు, నమస్కారం చేసి కూర్చోగానే అడిగాడు.

"గురువుగారూ, ఇద్దరు కలిసి బతకాలంటే తగ్గవలసింది ఎవరు? బలమున్నవారా, ముందునుంచీ ఆ ఇంట్లో ఉన్నవారా? నేను ఎటు చెప్పినా రెండోవారు మనసు విరిగి వెళ్తున్నారు."

సదాశివయ్యగారు రోడ్డు వైపు చూసి, కనకరత్నం అనే ఆవిడ సంగతి ఎత్తుకున్నారు.

కనకరత్నానికి రాజమండ్రిలో హైవే పక్కన రేడియేటర్ల షాపు ఉంది. తండ్రి పెట్టిన షాపు అది. ఆయన కొడుకు, అంటే ఆమె తమ్ముడు సుందరానికి ఇంజన్ల మీద మోజు ఎక్కువ, ఒకచోట కూర్చుని టంకం పెట్టే ఓపిక తక్కువ. అందుకని పని కూతురికి అబ్బింది. కారుతున్న రేడియేటరును చేత్తో తడిమి, చిల్లెక్కడుందో చెప్పగలిగేది. తండ్రి పోయాక షాపు ఆమే నడిపింది. భర్త రాఘవులు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నెమ్మదైన మనిషి. సుందరం జీపు మీద ఏజెన్సీ ఊళ్ళకు సరుకులు వేసుకుని తిరిగేవాడు. రోజూ పొద్దున్నే అక్క షాపుకొచ్చి కాఫీ తాగి, బావను నాలుగు మాటలు ఆటపట్టించి గాని బండి తీసేవాడు కాదు.

రాఘవులు దగ్గర వాళ్ళ నాన్ననాటి పాత మోరిస్ కారు ఒకటి ఉండేది. ముక్కు సన్నగా, పొడుగ్గా, ముందర నిలువు చువ్వల జాలీతో చూడముచ్చటగా ఉండేది. వయసు మీదపడి దాని ఇంజను పగిలింది. అతికినా నిలవలేదు, సామాన్లు దొరకలేదు. ఆ రోజుల్లోనే సుందరం జీపు కాలవగట్టు మీంచి దొర్లిపోయింది. దేవుడి దయవల్ల మనిషికేమీ కాలేదు. బండి నుజ్జయింది గాని ఇంజను చెక్కుచెదరలేదు.

"నా ఇంజను నీ కారులో పెట్టుకో బావా. రెండూ బతుకుతాయి" అన్నాడు సుందరం.

రాఘవులుకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇద్దరూ కలిసి ఆ ఇంజనును మోరిస్‌లో కూర్చోబెట్టారు. పట్టీలు వెల్డింగు చేయించారు, గేరుబాక్సు కలిపారు. అంతవరకూ సంబరంగానే సాగింది. చిక్కంతా రేడియేటరు దగ్గరొచ్చింది.

మోరిస్ రేడియేటరు ఆ ముక్కులో చక్కగా ఇముడుతుంది, కాని జీపు ఇంజను పుట్టించే వేడిని చల్లార్చే శక్తి దానికి లేదు. జీపు రేడియేటరుకు ఆ శక్తి ఉంది, కాని అది వెడల్పు. మోరిస్ ముక్కును రెండు పక్కలా కోస్తే తప్ప పట్టదు.

"ముక్కు కోశాక అది మా నాన్న కారెలా అవుతుంది?" అన్నాడు రాఘవులు.

"ఆ చిన్నదాన్ని పెడితే నా ఇంజను గోకవరం దాటకుండానే ఉడికిపోతుంది. చంపుకోమనా నీకిచ్చింది?" అన్నాడు సుందరం.

ఎవరికి వారు కనకరత్నం దగ్గరికి విడివిడిగా వచ్చి, నాదే న్యాయమని చెప్పమన్నారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మాట మీద మాట పెరిగింది. ఇంజను దించుకుపోతానని తమ్ముడన్నాడు. దించుకుపొమ్మను అని భర్త అన్నాడు. కారు మీద టార్పాలిన్ కప్పేశారు. సుందరం పొద్దున్న కాఫీకి రావడం మానేశాడు. హైవేకి అవతలి పక్కనుంచి, షాపు వైపు చూడకుండా నడిచిపోయేవాడు. కనకరత్నం పని చేసుకుంటూనే తలెత్తి చూసేది, మళ్ళీ మంట వైపు తల తిప్పుకునేది. ఇంట్లో రాఘవులు అన్నం కలుపుకుని, కలుపుకుని, తినకుండానే చెయ్యి కడుక్కునేవాడు.

ఒకరోజు ఆమె షాపులో పనులన్నీ పక్కనపెట్టి, రెండు రేడియేటర్లనూ ఎదురుగా నిలబెట్టుకుని కూర్చుంది. చాలాసేపు చూసింది. తరవాత రెంటినీ మూలకు జరిపి, ఇంటికెళ్ళి టార్పాలిన్ తీసింది. జాలీ వెనక చెయ్యి పెట్టి కొలిచింది. ముక్కుకు వెడల్పు లేదు, ఎత్తు కూడా పెరగదు. కాని ఇంజను ముందరి రెక్కల ఫ్యాను తీసేస్తే, వెనక్కి బోలెడు లోతుంది. ఆ లోతు సంగతి ఇద్దరు మగవాళ్ళకూ తట్టలేదు. ఇద్దరూ ముందునుంచే చూస్తున్నారు.

ఆమె కొత్తది మొదలుపెట్టింది. మొహం మోరిస్‌దంతే, మందం మాత్రం దానికి రెట్టింపు. పాతదానిలో కంటే ఎక్కువ వరసల రాగి గొట్టాలు పేర్చింది. ఇంజను నీళ్ళు ఎడమ పక్కనుంచి వస్తాయి గనక పై గొట్టం మూతిని ఎడమకు మార్చింది. నీళ్ళు పోసే మూత మాత్రం, మామగారి రోజుల్లో ఎక్కడుండేదో అక్కడే ఉంచింది. మొదట కట్టిన వరసలు వంకరపోతే అంతా విప్పి మళ్ళీ కట్టింది. తీసేసిన రెక్కలకు బదులు ముందువైపు ఒక సన్నపాటి కరెంటు ఫ్యాను బిగించింది. అంతా అయ్యాక రాగి తళతళలాడుతుంటే, జాలీలోంచి కనబడకూడదని పైన పలచగా నల్లరంగు వేసింది.

దాన్ని కారులో బిగించి, అప్పుడు ఇద్దరికీ కబురుపెట్టింది. "ఘాటు ఎక్కించి చూడాలి. బండి నడపడానికి ఆయన కావాలి. ఇంజను చప్పుడు వినడానికి నువ్వు కావాలి" అని తమ్ముడితో చెప్పింది. ఆమె మాట కాదనలేక ఇద్దరూ వచ్చారు. దారి పొడుగునా మాటలన్నీ ఆమె మీదుగానే నడిచాయి.

"అక్కా, గేరు మార్చాలని చెప్పు."

"గేరు నా చేతిలోనే ఉందని మీ తమ్ముడికి చెప్పు."

ఘాటు మొదలయ్యాక ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేవడం మొదలెట్టింది. ఆశ్రమం గేటు దగ్గరకొచ్చేసరికి ఎర్రగీత తాకబోతోంది. బండి ఆపారు. ఆపగానే ఇద్దరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. ముక్కు కొయ్యమంటే వినలేదని ఒకరు, ఇంత పొగరు ఇంజను ఈ కారుకెందుకని ఒకరు. సదాశివయ్యగారు బిందెతో నీళ్ళు తెచ్చి నిలబడ్డారు. కనకరత్నం మూత తియ్యనివ్వలేదు. బానెట్ ఎత్తి, ఇంజను ఆపకుండా, తన చేతిపనిని తనే పరాయిదానిలా చూసింది. తరవాత ఆయన వైపు తిరిగి, "అయ్యగారూ, ఒక అగరొత్తి ఉంటే ఇప్పిస్తారా?" అని అడిగింది.

ఆయన పూజగదిలోంచి తెచ్చిచ్చారు. ఆమె దాన్ని వెలిగించి, జాలీ అంచున పట్టుకుంది. పొగ రేడియేటరులోకి పోలేదు. రెండు పక్కలా ఉన్న సందుల్లోంచి జారి, దాన్ని తప్పించుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

"గాలి దీనిలోంచి పోవడం లేదు. పక్కనుంచి పోతోంది. నేను సందులు ముయ్యలేదు" అంది ఆమె. ఆ మాటలో సిగ్గూ లేదు, సంజాయిషీ లేదు. ఉన్న సంగతి చెప్పింది.

ముయ్యడానికి చేతిలో ఏమీ లేదు. రాఘవులు కారులోకి వంగి, కాళ్ళ కింద ఉన్న దళసరి రబ్బరు పట్టా లాగి తెచ్చాడు. అదీ వాళ్ళ నాన్న వేయించిందే. సుందరం దాన్ని చేతిలోకి తీసుకుని ఒక క్షణం బావ మొహం చూశాడు. రాఘవులు తలూపాడు. సుందరం కత్తి తీసి పీలికలుగా కోశాడు. తరవాత ఒకరు ఆ పక్కన, ఒకరు ఈ పక్కన వంగి పట్టుకుంటే, మధ్యలో ఆమె తీగతో బిగించుకుంటూ వచ్చింది.

"బావా, కొంచెం నీ వైపు లాగు."

"చాలా?"

"ఇంకాస్త. ఆఁ, చాలు."

మళ్ళీ అగరొత్తి పెట్టి చూశారు. పొగ నేరుగా లోపలికి పోయింది. ఇంజను కాస్త చల్లారాక బయల్దేరారు. మలుపుల్లో ఇంజను చప్పుడు వినబడినంతసేపూ సదాశివయ్యగారు గేటు దగ్గరే నిలబడ్డారు. ఎక్కడా ఆగలేదు.

పొద్దు వాలాక కారు దిగివచ్చి గేటు ముందు ఆగింది. ఈసారి సుందరం నడుపుతున్నాడు. రాఘవులు పక్కన కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజను చప్పుడు వింటున్నాడు. ముల్లు మధ్యకొచ్చి కదలలేదని ఇద్దరూ ఒకేసారి చెప్పబోయారు. వెనక సీట్లో కనకరత్నం చేతులకు మసి అలాగే ఉండగా, గాఢంగా నిద్రపోతోంది. లేపవద్దని సదాశివయ్యగారే సైగ చేశారు.

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "అలా పని చేసి, అలా నిద్రపోగలగాలి" అన్నారు.

నరహరి మొహం విప్పారింది. వచ్చినప్పటి బరువు దిగిపోయినట్టు లేచి నిలబడ్డాడు. "నా సందేహం తీరింది గురువుగారూ. రేపు ఆ దంపతులకు ఈ కథే చెబుతాను. ఇకమీదట నా దగ్గరికి ఎవరొచ్చినా ఇదే చెబుతాను" అన్నాడు.

రోడ్డు మీద ఏదో బండి రొప్పుతూ వచ్చి ఆగింది. సదాశివయ్యగారు బిందె అందుకుని గేటు వైపు నడుస్తూ అన్నారు.

"ఆ రేడియేటరు ఇంకే బండికీ పట్టదు, నరహరీ."