పానాతో రెండు దెబ్బలు

ప్రశ్న అడిగినవాడికి జిలానీ ఉస్తాద్ నోటితో జవాబు చెప్పగా బెజవాడ ఆటోనగర్‌లో విన్నవాళ్లు లేరు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఓపిగ్గా వింటాడు, చేతుల జిడ్డు గుడ్డకు తుడుచుకుంటాడు, అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయిస్తాడు. పని ముగిశాక ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే మళ్లీ అడగమంటాడు. సైలెన్సర్ల పనిలో ఆయన పేరు తెలియని షెడ్డు లేదు. ఇంజన్ అరుపును గొట్టంలోనే అణచి, పొగను నెమ్మదిగా బయటికి పంపడం ఒక తరం మెకానిక్‌లకు ఆయనే నేర్పాడు. తర్వాత కాలం తిరగబడింది. కంపెనీ బిగించిన సైలెన్సర్ పీకేసి, పులిలా గాండ్రించే గొట్టం బిగించమని స్పోర్ట్స్ కార్లు ఆయన పనిచేసే షెడ్డు ముందు వరస కట్టాయి. శబ్దం అణచడం నేర్చిన చేతులు శబ్దం పెంచే కూలికి ఒప్పుకున్నాయి. డబ్బున్నవాడి రాక నాలుగు వీధులకు తెలియాలి. ఆ రాకను మోగించి పెట్టినవాళ్ల పోక మాత్రం పక్క వీధికి కూడా తెలియనక్కర్లేదు. మన కాలపు న్యాయం ఇది.

ఉస్తాద్ శిష్యుల్లో నోరున్నవాడు కమలాకర్. పగలంతా గొట్టాలు బిగించి, సాయంత్రాలు మెకానిక్‌ల సంఘం ఆఫీసులో కూర్చుని పుస్తకాలు నమిలేవాడు. మైకు లేకుండా సభను నిలబెట్టగల గొంతు అతనిది. ఆటోనగర్ గోడల మీద ఎర్ర రంగుతో ‘మౌనమే మన సంకెల’ అని రాసింది అతనే. ఆ మాట ఎక్కడో చదివిందే అయినా, చెప్పగా చెప్పగా అతని సొంతమైపోయింది. తోటివాళ్లు అతన్ని కామ్రేడ్ అని ఆటపట్టించేవాళ్లు. అందరికంటే ఎక్కువగా ఆటపట్టించింది వెల్డింగ్ పని చేసే దానియేలు. “ఈ నట్టు తుప్పుపట్టి కదలడం లేదు కామ్రేడ్, దీనికి కూడా ఒక ఉపన్యాసం ఇచ్చి చూడు” అనేవాడు. ఆ దానియేలు పోయి నెల తిరగలేదు. ఈ కథ జరిగిన రోజు సాయంత్రమే అతని సంతాప సభ. అందులో ముఖ్య వక్త కమలాకర్.

దానియేలు పోయిన తీరు ఇది. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఆసామి కొడుకు ఒకడు పసుపు రంగు స్పోర్ట్స్ కారు తెచ్చి, దానికి విదేశాల నుంచి తెప్పించిన కొత్త గొట్టం బిగించమన్నాడు. పాత సైలెన్సర్‌తోపాటు పొగలోని విషాన్ని విరిచే డబ్బా కూడా తీసేయమన్నాడు. అది ఉంటే గొంతు పూర్తిగా విప్పుకోదట. షెడ్డు మధ్యలో మనిషి నిలబడి పని చేసుకునే గుంట ఉంది. ఆ కారు ఎంత కిందికి ఉంటుందంటే, అది గుంట మీదికి వచ్చి నిలిస్తే మూత పెట్టినట్టే. కారు కదిలితే తప్ప లోపలి మనిషి పైకి రాలేడు. పైవాళ్లకు అతను కనిపించడు, మాట వినిపించదు. అందుకే ఉస్తాద్ ఎప్పుడో ఒక కట్టడి పెట్టాడు. గుంటలోని మనిషి చేతిలోని పానాతో కారు అడుగున కొడతాడు. ఒక దెబ్బ కొడితే ఇంకా రేస్ ఇమ్మని, రెండు కొడితే ఇంజన్ ఆపమని. ఎన్నో కార్లు ఆ దెబ్బల భాషలో బాగుపడి వెళ్లాయి. ఆ కట్టడి మీద షెడ్డులో అందరికీ కంటిరెప్ప మీద ఉన్నంత నమ్మకం.

ఆ మధ్యాహ్నం గుంటలో దానియేలు, స్టీరింగ్ ముందు కమలాకర్. శబ్దం భరించలేకపోతున్నామని చుట్టుపక్కలవాళ్లు అంతకుముందే గొడవ చేసి ఉండటంతో షట్టర్లు దించేశారు. ఇంజన్ నడుస్తుండగా అతుకుల దగ్గర చెయ్యి పెట్టి ఎక్కడ గాలి తన్నుతోందో చూడటం దానియేలు పని. ఆసామి కొడుకు సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుంటూ, ఇంకా ఇంకా అని చెయ్యి ఊపాడు. కమలాకర్ పెడల్ తొక్కాడు. ఉస్తాద్ కూడా అక్కడే గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు. అందరి కడుపు నిండా శబ్దం పట్టాక ఇంజన్ ఆపి దానియేలును పిలిస్తే పలకలేదు. కారు ముందుకు జరిపి చూస్తే, చేతిలో పానా అలాగే ఉంది, మనిషి లేడు. విచారణకు వచ్చినవాళ్లు గుంటలోకి పైనుంచే చూసి వెళ్లారు. కొట్టి ఉంటే వినపడేది కదా అని ఒకరు అడిగారు. పెడల్ మీద కాలున్న మనిషిగా కమలాకర్ నిజాయితీగానే చెప్పాడు, దానియేలు కొట్టలేదని.

అదే మాట దానియేలు భార్య మార్తమ్మకు కూడా చెప్పాడు. ఆమె నష్టపరిహారం సంగతి ఎత్తలేదు, ఎవరినీ తిట్టలేదు. ఆఖరున పిలిచాడా తమ్ముడూ అని ఒక్కటే అడిగింది. లేదు వదినా, చప్పుడే చెయ్యలేదన్నాడు కమలాకర్. ఆ మాట ఆమెలో ఎక్కడికి దిగిందో అతను కనిపెట్టలేదు. ఆ పొద్దున మొగుడూ పెళ్లాలిద్దరూ మాటా మాటా అనుకున్నారు. నువ్వు లేకపోతే నాకు సుఖం అని ఆమె అంది. అతను పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. చేతిలో పానా ఉన్న మనిషి, రెండు దెబ్బలు కొడితే బతికే మనిషి, కొట్టలేదంటే అర్థం ఏమిటి? ఆమె ఆ అర్థాన్ని తన నెత్తినే వేసుకుంది. చర్చికి వెళ్లడం మానేసిందనీ, ఎవరైనా పలకరిస్తే నా నోరే మింగేసిందమ్మా అంటోందనీ వీధిలో చెప్పుకున్నారు. కమలాకర్ చెవిన కూడా పడింది. అతను దాన్ని ఒక ఆడమనిషి దుఃఖం అనుకుని వదిలేశాడు. అతని కోపం పెద్ద పెద్ద వాటి మీద ఉంది. ఆసామి కొడుకు మీద, పొగను బయటికి లాగే ఫ్యాన్ పెట్టించని షెడ్డు యజమాని మీద, లోకం మీద. ఆ కోపం అంతా న్యాయమైనదే. అయితే దాని అడుగున ఇంకొక కోపం ఉంది, దానియేలు మీద.

సభలో చెప్పబోయే మాటలను అతను నాలుగు రోజులుగా పదును పెడుతున్నాడు. చావు ముంచుకొచ్చినా నోరు విప్పని అలవాటు మన రక్తంలో ఇంకిందని, దానియేలును చంపింది పొగ కాదు మౌనమని అనబోతున్నాడు. ఆ మాట దగ్గర చప్పట్లు పడతాయని అతనికి తెలుసు. మార్తమ్మ ముందు వరసలో కూర్చుంటుందని కూడా తెలుసు. బయలుదేరబోయే ముందు షెడ్డుకు వచ్చి ఉస్తాద్ ఎదుట నిలబడ్డాడు.

“ఉస్తాద్, రెండు దెబ్బలు కొడితే బతికేవాడు. మనవాళ్లు చచ్చేదాకా చప్పుడెందుకు చెయ్యరు?”

ఉస్తాద్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. పసుపు కారు మళ్లీ గుంట మీదే ఉంది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు ఒకటి బిగించకుండా మిగిలిపోయిందనీ, అదీగాక తను ఆశించినంత శబ్దం రావడం లేదనీ ఆసామి కొడుకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఆ ఉదయం ఉస్తాద్ కారును సగమే గుంట మీదికి జరిపి ఒక్కడే లోపలికి దిగాడనీ, దిగినవాడు చాలాసేపు పైకి రాలేదనీ టీ కొట్టు మనిషి చెప్పాడు.

“ఆ క్లాంపు బిగించు. అయ్యాక రెండు దెబ్బలు కొట్టు, ఆపుతాను” అన్నాడు ఉస్తాద్.

రెండు షట్టర్లూ పైదాకా ఎత్తి ఉన్నాయి. పెద్ద ఫ్యాన్ ఒకటి గుంట మూతి దగ్గర గాలిని లోపలికి తోస్తోంది. ఉస్తాద్ కారును వెనక్కి జరిపితే కమలాకర్ దిగాడు. కారు ముందుకొచ్చి మూత పడింది. ఇంజన్ మొదలైంది. పైన కూర్చుని విన్న శబ్దం వేరు, ఇది వేరు. ఇది చెవుల్లోకి రాలేదు, పళ్లలోకి, పక్కటెముకల్లోకి వచ్చింది. క్లాంపు బిగించడానికి ఎంతో సేపు పట్టలేదు. పానాతో అడుగు ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టాడు. రేస్ తగ్గలేదు. మళ్లీ రెండు కొట్టాడు. పానా ఇనుముకు తగిలినట్టు మణికట్టుకు తెలిసింది గానీ చెవికి తెలియలేదు. ఉస్తాద్ మీద కోపం వచ్చి బలంకొద్దీ కొట్టాడు. సభలను నిలబెట్టిన గొంతుతో అరిచాడు. నోరు తెరుచుకుందని తెలిసింది, మాట బయటికి వచ్చిందో లేదో అతనికే తెలియలేదు. కారు అంచుకూ నేలకూ మధ్య సన్నని సందులోంచి టీ కొట్టు మనిషి చెప్పులు కనిపించాయి. అవి తొందర లేకుండా వచ్చి, గ్లాసులు ఏరుకుని, తొందర లేకుండా వెళ్లిపోయాయి.

అప్పుడు అతనికి భయం వేసింది. ఎక్కడ కొడితే వినపడుతుందో చూద్దామని లైటు పైకెత్తాడు. తన తలకు కాస్త ముందు, అడ్డ కమ్మీ మీద, నల్ల రంగు లేచిపోయి ఇనుము తళతళలాడుతున్న నొక్కులు కనిపించాయి. అవి అతను కొట్టినవి కావు. జంటలు జంటలుగా ఉన్నాయి. రెండు, కాస్త ఎడం, మళ్లీ రెండు. కట్టడి తప్పకుండా, ఇంకా రేస్ ఇమ్మన్నాడని పైవాడు పొరపడకుండా, జాగ్రత్తగా రెండేసి కొట్టిన దెబ్బలు. ముందువి లోతుగా ఉన్నాయి. పోనుపోను గీతల్లా తేలిపోయాయి. చిట్టచివర ఒక్కటే ఉంది, దానికి జత లేదు.

ఆ మధ్యాహ్నం పెడల్ తొక్కుతున్నప్పుడు తనకు ఏం తోచిందో కమలాకర్‌కు గుంటలో గుర్తుకొచ్చింది. ఆ శబ్దం తనకు నచ్చింది. పుస్తకాలన్నీ చదివిన తన కాలికి నచ్చింది. ఆసామి కొడుకు చెయ్యి ఊపడం మానేశాక కూడా అతను ఇంకోసారి తొక్కాడు, అది తన కోసం తొక్కాడు. ఈ సంగతి విచారణలో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇంజన్ ఆగింది. దెబ్బలు విని కాదు, ఉస్తాద్ తనకు తోచినప్పుడు ఆపాడు. కారు వెనక్కి జరిగాక కమలాకర్ మెట్లెక్కి వచ్చి గుంట అంచున చతికిలబడ్డాడు. చేతిలో పానా అలాగే ఉంది. ఉస్తాద్ స్టీరింగ్ మీద నుంచి చేతులు తియ్యకుండా, అతని వైపు తిరగకుండా, కొట్టావా అని అడిగాడు. కొట్టానన్నాడు. నాకు వినపళ్లేదు, ఆ రోజు కూడా వినపళ్లేదు, అన్నాడు ఉస్తాద్. ఆ కట్టడి మామూలు కార్ల కోసం పెట్టినదని గానీ, ఈ కారుకు అది చాలదని తనకైనా తట్టి ఉండాల్సిందని గానీ అనలేదు. ఆయన మొహం చూస్తే అనాల్సిన పని లేదు.

సంఘం ఆఫీసు వైపు నుంచి ఎవరో మైకులో హలో హలో అని సరిచూసుకుంటున్న చప్పుడు వచ్చింది. సభకు దారి షెడ్డు ముందు నుంచే. మార్తమ్మ వచ్చి షట్టరు దగ్గర ఆగింది. లోపలికి రాలేదు, గుంట వైపు చూడకుండా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నువ్వు కూడా వస్తున్నావా తమ్ముడూ అని మెల్లగా అడిగింది. కమలాకర్ చేతిలోని పానాను గుంట అంచున పెట్టాడు.

ఉస్తాద్ కారు దిగి, గుడ్డ అందుకుని, చేతులు తుడుచుకున్నాడు.

“పనయింది కదా. ఇందాకటి ప్రశ్న మళ్లీ అడుగు, ఆమెకి కూడా వినపడేట్టు.”