గడప పన్ను, దెయ్యాల అద్దె ఇళ్ళు

అనగా అనగా, రాజు ఆలోచనకి ఊరంతా ఇరుక్కుపోయిన కథర్రా ఇది. ఊ కొట్టండి, లేకపోతే ముందు నేనే నిద్రపోతాను.

ఎవరు వేరు కాపురం పెట్టినా ఆ గడపకి ఏటా పన్ను కట్టాలని చాటింపు వేయించాడా రాజు. మోయలేనంత పన్ను. దాంతో పెళ్ళిళ్ళయినా కొడుకులు ఇల్లు కదలరు. కొత్త ఇల్లు కట్టేవాడు లేడు. అద్దెకి దిగేవాళ్ళు లేక ఖాళీ పడ్డ ఇళ్ళల్లో దెయ్యాలు చేరాయి.

సన్యాసమ్మ ఇంట్లో నలుగురు కొడుకులు. ఒకడు వసారాలో, ఒకడు అటక మీద, ఒకడు గాదె పక్కన. చిన్నవాడు గవరయ్యకీ, కొత్తకోడలు పైడమ్మకీ దూడల పాక. వాళ్ళు గుసగుసలాడితే అటక మీంచి బావగారు జవాబు చెబుతాడు. నవ్వితే, ఏమిటే అది, మాకూ చెప్పమంటుంది అత్తగారు. ఇంత వయసొచ్చినా అమ్మ కొంగు వదలడని ఊళ్ళోవాళ్ళు గవరయ్యని వెక్కిరించేవారు. వదిలి ఎక్కడికి పోతాడు, మీరే చెప్పండి.

మొగుడితో ఓ మాట చెప్పుకునే చోటు లేకపోతే పుట్టింటికి పోతానంది పైడమ్మ. గవరయ్య గుడ్లనీరు కుక్కుకున్నాడు. అది చూసి ఆమె మనసు మార్చుకుని, పాలకుండ చంకనెత్తుకుని, మొగుణ్ణి దెయ్యాల ఇంటికి లాక్కెళ్ళింది. పన్ను వసూలుకి వచ్చే తలారి అటు తొంగి చూడడు గదా!

పాలు పొంగుతుంటే దూలం మీంచి దెయ్యం తల వేలాడేసింది.

"ఏం పిన్నీ, కిందికి రా, మెడ పట్టేస్తుంది," అంది పైడమ్మ.

ఊ అంటున్నారా? పైడమ్మని దెయ్యం ఏమీ చెయ్యలేదని తెలిశాక, ఇక ఊళ్ళో కుర్ర జంటలన్నీ దెయ్యాల ఇళ్ళకే చేరాయి. పసిపిల్లల ఏడుపులకి దెయ్యాలకి కునుకు లేదు. మూటాముల్లె సర్దుకుని రాజుగారి కోటలో దిగాయి. రాజు మంచం మీద ఒకటి, మంచం కింద రెండు.

ఏం కావాలని వణుకుతూ అడిగాడు రాజు. వాళ్ళకి ఇళ్ళు లేక మా ఇళ్ళు పట్టారు, మా ఇళ్ళు పోయి నీ ఇల్లు పట్టాం, నీ ఇల్లు పోతే నువ్వెవరిల్లు పడతావో చూసుకో అన్నాయి దెయ్యాలు.

తెల్లారేసరికి పన్ను రద్దు. తాపీవాళ్ళకీ, వడ్రంగులకీ చేతినిండా పని. అన్నలు తలో ఇల్లూ కట్టుకున్నారు, గవరయ్య అమ్మ ఇంటి పక్కనే కట్టాడు. సన్యాసమ్మ మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు వసారాలో కాళ్ళు బారజాపుకుని పడుకుని, ఇన్నాళ్ళూ ఈ సుఖం ఎరగనే అంది.

అంచేత, ఎదిగిన పిల్లలు గడప దాటకపోతే తిట్టకండి, దాటితే చేరడానికి ఇంకో గడప ఉందా అని చూడండి. మీలో ఎవరన్నా రాజులైతే మరీను.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.